నరహరి ఏరి తెచ్చిన బ్యాటు

నరహరి కోతలు కోయడు. ఈ మాట తార్నాకలో ఎవరినడిగినా చెప్పరు. ఆయనొక్కడే చెప్తాడు.

"ఉన్నదున్నట్టు చెప్పుడు తప్ప నాకింకోటి రాదు సార్. గందుకే జిందగీల గింత వెనకబడ్డ," అంటూ ఆ సాయంత్రం కూడా మొగిలి చాయ్ బండి ముందు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు క్యాంపస్ గ్రౌండులో సున్నంతో గీతలు గీసి రిటైరైన మనిషి. గీతలు వంకర పోకుండా గీసేవాడని పేరు. ఆ వంకరంతా మాటల కోసం దాచుకున్నాడని మొగిలి అంటాడు.

బల్లకు ఈ కొసన ఆయన చెల్లెలు భాగ్య. ఆమె ముందు చాయ్ చల్లారిపోతున్నది. కళ్ళు గోడ అవతలే ఉన్నాయి.

అరగంట కింద, గోడకు అవతల గ్రౌండులో, ఆమె కూతురు నవత బేస్‌బాల్ బ్యాటు ఊపింది. బంతి తగల్లేదు. బ్యాటే చేతుల్లోంచి జారి, గాల్లో తిరుగుతూ పోయి, వంతు కోసం నిలబడ్డ పిల్లలకు రెండడుగుల దూరంలో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. భాగ్యకే అయింది. ఆ రెండడుగుల్నీ కళ్ళతో కొలుస్తూ అక్కడే నిలబడిపోయింది.

కోచ్ కాత్యాయని మేడం బ్యాటు తెచ్చి పిల్ల చేతికిచ్చింది. "మన కిట్‌లో చిన్న బ్యాటు ఉంది, అది పట్టుకో అంటే వినవు కదా," అంది.

నవత తల అడ్డంగా ఊపింది. "ఇది మా మామ సెలెక్ట్ చేసింది మేడం. నా కోసమే లెక్కలేసి తెచ్చిండు. దీంతోనే ఆడత."

మేడం భాగ్య పక్కకొచ్చి, "చేతుల్లో బలం లేదమ్మా పాపకి. ఈసారికి వదిలేద్దాం, వచ్చే ఏడు చూద్దాం," అంది. రేపు జిల్లా జట్టుకు సెలెక్షన్లు, పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లలకు. ఆరు గంటలకల్లా ఇక్కడి నుంచి పద్నాలుగు పేర్లు పంపాలి. పదమూడు రాసి ఉన్నాయి. పద్నాలుగో గీత ఖాళీగా ఉంది. ఆ కాగితం ఇప్పుడు ఇదే బల్ల మీద చాయ్‌కి కూర్చున్న మేడం ఒళ్ళో ఉంది.

అసలు సంగతేమంటే, ఆ బ్యాటును నరహరి ఏరనూ లేదు, తేనూ లేదు. కొన్నది భాగ్య.

భాగ్యది లాలాపేటలో కుట్టుమిషన్. స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఊరి పిల్లల కొలతలు అర అంగుళం తేడా రాకుండా తీస్తుంది. కన్నకూతురి దగ్గరికొచ్చేసరికి మాత్రం టేపు సాగుతుంది. ఎదిగే పిల్ల కదా! స్కర్టు కింద నాలుగంగుళాలు లోపలికి మడత. బూట్ల ముందు దూది. నవత ఆరో తరగతిలో వేసుకున్న స్వెట్టర్‌లో ఇప్పటికీ ఇంకో పిల్ల పడుతుంది. కాచిగూడలో యూనిఫారాల మూట దింపి వస్తూ, ఆటసామాన్ల షాపు కనబడితే ఒక్కతే లోపలికి వెళ్ళింది. షాపతను పాప ఎత్తెంత, బరువెంత అని మర్యాదగా అడిగాడు. ఇరవై తొమ్మిది అంగుళాల బ్యాటు తీసి బల్ల మీద పెట్టాడు. భాగ్య పక్కనున్న ముప్పై మూడు అంగుళాల కట్టె బ్యాటు చూపించింది. "అది కాలేజీ మగపిల్లలదమ్మా," అన్నాడతను. "రెండేండ్లన్న రావాలె కద అన్నా," అంది ఈమె.

ఇంట్లో నవత దాన్ని పక్కన నిలబెట్టుకుంటే నడుం దాకా వచ్చింది. "గింత పెద్దగెందుకమ్మా?" అంది. ముఖం చిన్నబోయింది. భాగ్య తోచింది చెప్పింది. "మీ మామ సెలెక్ట్ చేసిండు."

పిల్ల ముఖం వెలిగిపోయింది. అప్పటికప్పుడు మామ ఇంటికి ఉరికి, "థాంక్స్ మామా," అని మెడకు చుట్టుకుంది. నరహరి ఒక్క క్షణం బిత్తరపోయాడు. ఒక్క క్షణమే. నడిచొచ్చిన గొప్పను గుమ్మంలోంచి వెళ్ళగొట్టే అలవాటు ఆయనకు లేదు.

అది జరిగి మూడు వారాలు. బ్యాటు మాత్రం ఎంతున్నదో అంతే ఉంది. కథ పెరిగింది. ఎదిగే కథ కదా.

"నరహరన్నా," అని మొగిలి చాయ్ వడబోస్తూ కెలికాడు, "గా బ్యాటు ముచ్చట మేడం ఇనలేదంట."

"ఏమున్నది మొగిలీ, చిన్న ముచ్చట. కాచిగూడ పోయిన, బ్యాటు చూసిన, తెచ్చిన."

"అంతేనా?" అన్నాడు పేరయ్య. తెనాలి వైపాయన, బ్యాంకులో చేసి రిటైరై తార్నాకలోనే ఇల్లు కట్టుకున్నాడు. రోజూ క్యాంపస్‌లో నడుస్తాడు. డాక్టరు చెప్పింది నడకే, కానీ ఆయన వచ్చేది నరహరి కోసం.

"అంతే సార్. కాకపోతే మొదటిదే తీసుకోలే. ఓ నాలుగు చూసిన."

"నిన్న నలభై అన్నవ్," అన్నాడు మొగిలి.

"నాలుగు వరసలురా. వరసకు పది. నువ్వు చాయ్‌ల చక్కెరెంతేస్తున్నవో చూసుకో, నా లెక్క నీకెందుకు?" నరహరి కాలు దించి మేడం వైపు తిరిగాడు. "మేడం, మీకు తెల్వనిది కాదు. బ్యాటు కొనేటోడు బ్యాటును చూడొద్దు, పిల్లను చూడాలె. నేను మా నవతను నిద్రల కొలిసిన. మెలకువుంటే పిల్లలు మడమలు లేపుతరు, అంగుళం ఎక్కువొస్తది. పండుకున్నంక దారం పెట్టి, అరికాలు నుంచి నెత్తి దాక, భుజం నుంచి ఏలు దాక. ఆ పిల్లకే తెల్వదు."

గోడ పక్కన అరుగు మీద కూర్చున్న నవత కళ్ళు పెద్దవి చేసింది. అడ్డంగా ఒళ్ళో పెట్టుకున్న బ్యాటు అటు జానెడు, ఇటు జానెడు బయటికి ఉంది.

"ఆ దారం పట్టుకొని షాపుకు పోయిన. సేటు అడిగిండు, 'క్యా చాహియే భాయ్?' బ్యాట్ చాహియే అన్న. ఒక్కోటి చెవి కాడ పెట్టి తట్టిన, కుమ్మరాయన కుండను తట్టినట్టు. పచ్చి కట్టె ఒక తీరు మోగుతది, ఎండిన కట్టె ఒక తీరు. పొద్దుగూకింది. సేటు అన్నడు, దుకాణం బంద్ చేసేదున్నది, రేపు రా అని. నేనన్న, నువ్వు బంద్ చేసుకో, నేను లోపలనే ఉంట. షట్టర్ గుంజి తాళమేసి పోయిండు."

"లోపల పెట్టా?" పేరయ్య నవ్వు ఆపుకుంటూ అడిగాడు.

"మూడు రోజులు సార్! తిండి లేదు. ఫుట్‌బాళ్ళల్ల గాలి తాగి బతికిన. నేను ఇంట్ల లేనని మా ఇంటామెకు ఎప్పుడు తెలిసిందో తెలుసా? మూడోనాడు. అది గూడ, టీవీ రిమోట్ ఎవ్వలు గుంజుకుంటలేరేందని డౌటొచ్చి. అదీ మన ఇలువ."

మొగిలి పడీ పడీ నవ్వాడు. కాత్యాయని మేడం పెదవులు కూడా కదిలాయి, కానీ చెయ్యి తిప్పి గడియారం చూసుకుంది. అయిదున్నర దాటింది.

భాగ్య ఆ చూపు చూసింది. మేడంతో రెండు ముక్కలు చెప్పాలనే ఆమె బల్ల మీదికొచ్చి కూర్చున్నది. అంతలో అన్న మొదలుపెట్టాడు. అన్న మొదలుపెట్టాక మధ్యలో మాట దూర్చడం, నడిచే మిషన్ సూది కింద వేలు పెట్టడమే. ఆమె మామూలుగానే తక్కువ మాట్లాడుతుంది. 

"దొరికింది మేడం మూడోనాటికి! నలభైల ముప్పై తొమ్మిది మూగయి, ఒక్కటి పలికింది. సేటు దండం పెట్టిండు. 'భయ్యా, తీసుకపో, మల్ల రాకు' అన్నడు. నాకు గట్ల సన్మానం చేసిండు."

"అది సన్మానం కాదేమోనయ్యా," అన్నాడు పేరయ్య.

"మన స్థాయికి అదే సన్మానం సార్. సరే, బ్యాటొచ్చింది. వచ్చింది గదాని ఉత్తగనే పిల్ల చేతుల పెడతమా? ముందుగాల నేను ఊపి చూడాలె గద? తెల్లారంగ గ్రౌండుకు పోయిన. సాక్ష్యమెవరని అడుగుతరు మీరు, నాకెర్కనే. నెమళ్ళు! క్యాంపస్ నెమళ్ళు, పదకొండు. బాల్ ఏసెటోడు కావాలె గద. ఆడనే ఓ పీహెచ్‌డీ పిలగాడు దొరికిండు. తొమ్మిదో ఏడు చదువుతున్నడు పాపం, టైమున్నది."

"నరహరన్నా, వాడు నా దగ్గర చాయ్ తాగుతడు, ఇంటే ఫీలైతడు."

"ఫీలైతే థీసిస్ రాస్తడురా, మంచిదే. ఇగ వినుండ్రి. మొదటిది ఉత్త హవా చూద్దామని అల్కగ ఊపిన. గంతే! బాలు ఎయ్యనే లేదు. హాస్టల్ మీద ఆరేసిన లుంగీలు ముప్పై ఆరు, ఒక్కపారి లేచి ముషీరాబాద్ దిక్కు పోయినయి. కొంగల గుంపని జనం ఫోన్లు తీసి ఫోటోలు కొట్టిండ్రు. పిలగాండ్లు రెండు రోజులు హాస్టల్ల దుప్పట్లు కట్టుకొని క్లాసులకు పోయిండ్రు. ఎవలు చేసిండ్రని అడిగితే, నెమళ్ళు నా దిక్కు చూసినయి. నేను ఆకాశం దిక్కు చూసిన."

"ఓరి నాయనో," అన్నాడు పేరయ్య తృప్తిగా. "మరి బంతి?"

"వస్తున్న, వస్తున్న. అప్పుడన్న ఆ పిలగానితోని, ఎయ్ బిడ్డా, నీ బలమెంతుంటే అంత ఎయ్యి. ఏసిండు. నేను బ్యాటు ఎనకకు గుంజిన. ముప్పై ఏండ్ల కసి సార్! సున్నం బకీటు మోసిన చెయ్యి! ఒక్కటే దెబ్బ... ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

 మొగిలి గరిటె గాల్లోనే ఆపాడు.

"తగల్లే."

పేరయ్య చాయ్ పొలమారింది.

"ఉన్నదున్నట్టు చెప్పాలె గద సార్. బాల్ తగల్లే. నా బతుకుల తగిలిందేది గనక అది తగులుతది? తగిలితే ఈ పాటికి తార్నాక ఉండకపోవు, మీ ఇల్లుండకపోవు, మొగిలి బండి గూడ ఉండకపోవు. అందరి అదృష్టం, నాకు ఆట రాదు. కానీ బ్యాటు ఆగుతదా? అది బొయ్యిన దిక్కు నేను బొయిన. ఒక సుట్టు తిరిగిన. చెప్పులు ఊడి లాలాపేట దిక్కు పోయినయి. రెండో సుట్టుకు నా నెత్తి మీదున్న నాలుగెంట్రుకలల్ల మూడు పోయినయి, చూడుండ్రి, ఒక్కటే ఉన్నది. పదో సుట్టుకు కాళ్ళ కింద మట్టి లేస్తున్నది. ఏందిరా అని చూసుకుంటే నేను మోకాళ్ళ దాక భూమిల ఉన్న!"

"బోరు బండి లెక్క!" అరిచాడు మొగిలి.

"అచ్చం! బోరు బండి లెక్క దిగుతున్న. నడుం దాక ఎర్రమట్టి. మెడ దాక మొరం. ఆ తర్వాత రాయి. తెల్లటి పొడి లేస్తున్నది పైకి. పీహెచ్‌డీ పిలగాడు పైనుంచి తొంగి చూసి అడుగుతున్నడు, 'అంకుల్, ఎన్ని ఫీట్లయింది?' నూటాయాభై అన్న. 'ఇంక పోండి అంకుల్, ఈడ మూడొందలకు గాని పడయి' అన్నడు. వాని చదువు అప్పుడు పనికొచ్చింది."

"ఊపిరెట్లా ఆడిందయ్యా మూడొందల అడుగుల కింద?"

"దుకాణంల తాగిన ఫుట్‌బాల్ గాలి ఉండె గద సార్ కడుపుల! ఊకెనే చెప్పిన అనుకున్నరా అది? మూడొందల పది ఫీట్ల కాడ అరికాళ్ళకు సల్లగ తగిలింది. నీళ్ళు! ఎసొంటి నీళ్ళు! కొబ్బరినీళ్ళు. ఒక్క ఉరుకున పైకి ఎగజిమ్మినయి, నన్ను నెత్తి మీద పెట్టుకొని. చెట్లు దాటిన, హాస్టలు దాటిన, మెట్రో స్టేషన్ మీద నుంచి బోతుంటే కిందున్నోళ్ళు ఏ లైనుదో కొత్తదని చూస్తున్నరు. తీస్కపొయ్యి ఫ్లైఓవర్ మీద కూసోబెట్టినయి. ట్రాఫికాయన వచ్చి అడిగిండు, హెల్మెట్ ఏదని."

"ఏమన్నవ్?"

"ఏమంట? తప్పయింది సార్ అన్న. పానం మీదికొచ్చినా ఎవలన్న గట్టిగ అడిగితే నాకు తప్పయిందనే వస్తది. ముప్పై ఏండ్ల నౌకరీల నేర్చుకున్నదదే."

బల్ల బల్లంతా నవ్వింది. నరహరి కూడా తన కథకు తనే నవ్వి, భుజం మీది తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. భాగ్యకు నవ్వు రాలేదు. నవత కూడా నవ్వడం లేదు. ఆ పిల్ల మామను చూస్తున్నది. పదమూడేళ్ళ పిల్ల, బోరు బావి సంగతి నమ్మేంత చిన్నదేం కాదు. కానీ కథ మొత్తం కోతలైనా అడుగున ఒక్క నిజం ఉంటుందని నమ్మింది. మామ తన కోసం షాపుకు వెళ్ళాడు, నలభై చూశాడు, ఇది ఏరాడు. ఆ ఒక్కటీ నిజమైతే, బ్యాటు తప్పు కాదు. తన చేతులదే తప్పు. అరుగు మీద కూర్చుని బ్యాటు పిడి దగ్గర వేళ్ళు బిగించి, వదిలి, మళ్ళీ బిగిస్తున్నది.  

"గందుకే చెప్తున్న మేడం," నరహరి గొంతు పెద్దది చేశాడు. ఇక కథను కొండెక్కించి దించాలి. "మీరు ఆ పిల్లకు చిన్న బ్యాటు ఇస్తనంటున్నరట. ఇయ్యకుండ్రి. ఖరాబైతది పిల్ల. ఈ బ్యాటు నా అసొంటోన్నే మూడొందల ఫీట్లు దించింది. దీన్ని ఊపేటోళ్ళు భూమ్మీద ఒక్కరే పుట్టిండ్రు, అది మా నవత. ఇయ్యాల చేతులకెల్లి ఎగిరింది ఎందుకనుకున్నరు? బలం ఎక్కువై!"

నవత బ్యాటును ఇంకాస్త దగ్గరికి హత్తుకున్నది.

కాత్యాయని మేడం నవ్వు ముఖంతోనే నిట్టూర్చింది. "మీ కథ బాగుంది నరహరి గారూ. కానీ నేను పిల్లల్ని చూసుకోవాలి. ఇవ్వాళ ఎవరికైనా తగిలుంటే?" అని పెన్ను మూత తీసింది. "పదమూడు మందితోనే పంపేస్తాను." పద్నాలుగో ఖాళీ గీత మీద పెన్ను ఆనించింది, కొట్టెయ్యడానికి.

"అన్నా," అంది భాగ్య.

గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. అందరూ ఇటు తిరిగారు.

"ఆ షాపు కాచిగూడల ఏ దిక్కున్నది?"

నరహరి నోరు తెరిచాడు. "ఏ దిక్కంటే... గదే... స్టేషన్ దిక్కు."

"స్టేషన్‌కు ఇవతలనా, అవతలనా?"

"మధ్యల," అన్నాడు నరహరి.

"మధ్యలో పట్టాలుంటాయయ్యా," అన్నాడు పేరయ్య.

మొగిలి ఫక్కున నవ్వబోయి, భాగ్య ముఖం చూసి ఆపుకున్నాడు.

"మా అన్న ఆ షాపు చూడనే లేదు మేడం," అంది భాగ్య. "బ్యాటు నేను కొన్న. షాపాయన ఇరవై తొమ్మిది అంగుళాలది ఇచ్చిండు. అదే సరిపోతదన్నడు. నేనే పెద్దది కావాలన్న. ఎదిగే పిల్ల, రెండేండ్లు వస్తదనుకున్న." ఆగింది. ఇంత మాట్లాడి చాలా రోజులైంది. "గౌనైతే లోపలికి మడిచి కుడత. బ్యాటును మడుస్తమా? గంత గూడ తోచలే నాకు. పిల్ల అడిగితే మామ పేరు చెప్పిన."

చాయ్ బండి మీద పాలు పొంగుతుంటే మొగిలి స్టవ్ తగ్గించాడు. 

భాగ్య అన్న వైపు చూడలేదు. నలుగురిలో ఆయన్ను నేలకు దించింది తనే. అంతకు ముందు ఆకాశానికి ఎక్కించింది కూడా తనే.

నరహరి తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. తీరిగ్గా తుడుచుకున్నాడు, ఏం పెట్టుకోవాలో తెలియని ముఖాన్ని కాసేపు దాని వెనక దాచుకున్నట్టు.

"మేడం," అన్నాడు చివరికి, "మా చెల్లె చెప్పింది నిజం. అబద్ధం ఆమెతోని కాదు. మా ఖాన్‌దాన్‌ల ఆ డిపార్ట్‌మెంటు నాది." తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. "నేను బ్యాటు పట్టుకున్నది గూడ లేదు. ముప్పై ఏండ్లు గీత గీసిన. గీసుడు కాంగనే మీ అసొంటోళ్ళు జరుగు జరుగు అంటరు, గీత అవతలికి పోయి నిలవడ్త. పిల్ల వచ్చి థాంక్స్ మామా అంటే... కాదనబుద్ధి కాలే."

నవత అరుగు మీది నుంచి దిగింది. బ్యాటును గోడకు ఆనించి వచ్చి, అమ్మ ముందు నిలబడింది. కోపమొస్తుందని భాగ్య అనుకుంది. రావాలి కూడా.

"అంటే," అంది పిల్ల మెల్లగా, "నా చేతులు మంచిగనే ఉన్నయా?"

భాగ్య తల ఊపింది.  మూడు వారాల నుంచి పిల్ల రాత్రి అన్నం తినేటప్పుడు చేతులు చూసుకోవడం, స్కూలుకు పోయేముందు బకెట్ నిండా నీళ్ళు పట్టి ఎత్తి దించడం ఆమె చూస్తూనే ఉంది. ఆట పిచ్చి అనుకుంది.

కాత్యాయని మేడం లేచింది. "నవతా, ఆ పెద్ద బ్యాటు ఇలా తే. ఒంటి చేత్తో, చెయ్యి పక్కకి చాపి పట్టుకో. వంచకూడదు." పైకే లెక్క పెట్టింది. ఎనిమిది దగ్గర బ్యాటు కొస నేల చూసింది. మేడం తన కిట్ సంచిలోంచి, రంగు పోయి, పిడికి నల్లటి టేపు చుట్టిన పొట్టి బ్యాటు తీసి ఇచ్చింది. "ఇప్పుడు."

పది. పదిహేను. ఇరవై దగ్గర అందరూ మేడంతో పాటు పైకే లెక్క పెడుతున్నారు, పేరయ్య తెనాలి యాసలో. ముప్పై. చెయ్యి కదల్లేదు.

"ఈ పరీక్ష మొదటి రోజే చెయ్యాల్సింది. మామ సెలెక్ట్ చేశాడంటే నేనూ ఊరుకున్నా," అంది మేడం. అది తనకు తను చెప్పుకున్నట్టుంది. "వెలుతురుంది. అయిదు బంతులు. పద."

గోడ కూలిన చోటు నుంచి అందరూ గ్రౌండులోకి నడిచారు. మొగిలి స్టవ్ ఆపి మరీ వచ్చాడు. పేరయ్య చాయ్ గ్లాసుతోనే వచ్చాడు. పొద్దు ఆర్ట్స్ కాలేజీ వెనక్కి దిగుతున్నది.

మొదటి బంతి పోయింది. రెండోది పోయింది. భాగ్య చున్నీ కొస నోట్లో పెట్టుకుంది. మూడోది బ్యాటు అంచును రాసుకుని వెనక్కి పోయింది. నవత వెనక్కి తిరిగి ఎవరినీ చూడలేదు. కాళ్ళు సర్దుకుంది. నాలుగో బంతికి టక్కుమని చిన్న చప్పుడైంది. బంతి మేడం పక్క నుంచి దూసుకుపోయి, రెండు గంతులేసి, గడ్డిలో దొర్లి, ఆగింది.

అయిదోది మేడం వెయ్యలేదు. కాగితం ఆనించే చోటు కోసం చుట్టూ చూసి, పేరయ్య వీపు మీద పెట్టి రాసింది. పద్నాలుగో గీత మీద, నవత.

నరహరి అప్పటికే అంగలేస్తున్నాడు. పిల్ల నిలబడిన చోటు నుంచి బంతి దాకా, వంగని గీతలా, పెదవులు కదుపుతూ. బంతిని తీసుకుని తువ్వాలుతో తుడిచి, తిరిగొచ్చి, గొంతు సవరించుకున్నాడు. అందరూ ఆగారు. ఏ లాలాపేట దాకా పంపుతాడో, ఏ గుట్ట దాటిస్తాడో అని మొగిలి చెవులు రిక్కించాడు.

"నలభై రెండు అంగలు," అన్నాడు నరహరి.

"నలభయ్యే మామా," అంది నవత. "నేను లెక్కపెట్టిన."